కృష్ణ వెంబడి సైకిల్ యాత్ర పుస్తకం: వెయ్యి కాపీలా, మూడొందలా? ఎలా వెయ్యాలి, ఎలా అమ్మాలి?

గుంటూరు నుంచి ఒకాయన అడిగారు. మహాబలేశ్వర్‌లో కృష్ణ పుట్టిన చోటు నుంచి హంసలదీవిలో సముద్రంలో కలిసేదాకా నది వెంబడే ఒక్కరే సైకిల్ తొక్కుకుంటూ వచ్చారట, దారిలో రాసుకున్నది ఫేస్‌బుక్‌లో పెడితే అందరూ పుస్తకం వెయ్యమన్నారట. డబ్బు కడితే అన్నీ మేమే చూసుకుంటాం అని ఒక పబ్లిషింగ్ కంపెనీ ప్యాకేజీ చెప్తోంది, ప్రెస్సాయనేమో వెయ్యి కాపీలు వేస్తేనే గిట్టుబాటు అంటున్నాడు, సరే వేశాక ఎవరికి అమ్మాలి అని ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: మూడొందల కాపీలు వెయ్యండి. ప్యాకేజీ వద్దు. ప్రెస్‌కి ఫైల్ ఇచ్చేముందే కనీసం నూట యాభై కాపీలకి డబ్బులు తీసుకోండి. ఇంకోటి, మీ పుస్తకం కొనేది సైక్లిస్టులు కాదు, కృష్ణ ఒడ్డున పుట్టి ఇప్పుడు ఇంకెక్కడో ఉంటున్నవాళ్ళు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఎంత రాయాలి, ఏ సైజు, ఎక్కడ ఆవిష్కరణ అన్నీ దాన్నిబట్టి తేలిపోతాయి.

నేనెవర్నంటే, బెజవాడ సత్యనారాయణపురంలో ఉంటా, ఉద్యోగం వేరే, ఆదివారాలు సైకిల్. బెజవాడ నుంచి కన్యాకుమారి రైడ్ మీద సొంతంగా పుస్తకం వేసుకున్నా, అది చూసి తెలిసినవాళ్ళు తమ యాత్రల పుస్తకాలకి నన్ను లాగారు, అలా పేజీలు కంప్యూటర్‌లో కూర్చే డీటీపీ సెంటర్ నుంచి పోస్టాఫీసు కౌంటర్ దాకా ఈ పని దగ్గరుండి చూస్తూనే ఉన్నా.

వెయ్యి ఎందుకు వద్దంటున్నానో చెప్తా. ప్రెస్సాయన అబద్ధం చెప్పట్లేదు, ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు వెయ్యడం, మిషన్ సెట్ చెయ్యడం వంద కాపీలకైనా వెయ్యికైనా అదే ఖర్చు, అందుకని సంఖ్య పెరిగేకొద్దీ కాపీ రేటు పడిపోతుంది. కానీ మీరు కట్టేది కాపీ రేటు కాదు కదా, మొత్తం బిల్లు. రెండొందల యాభై అమ్ముడుపోయి మిగతావి మంచం కింద ఉంటే చవగ్గా వేసింది ఎక్కడ? మూడొందల లోపైతే డిజిటల్ ప్రింటింగే సరి, ప్లేట్ల గొడవ లేదు, కాపీకి కాస్త ఎక్కువ పడ్డా అయిపోయాక ఇంకో యాభయ్యో వందో మళ్ళీ వేయించుకోవచ్చు, మధ్యలో దొరికిన అచ్చుతప్పులు కూడా అప్పుడే దిద్దుకోవచ్చు. నాకు తెలిసినవాళ్ళ యాత్రా పుస్తకాల్లో మొదటిసారే వెయ్యి వేసి అమ్ముకున్నవాళ్ళు దాదాపు లేరు.

ఇక ప్యాకేజీ. అందులో ఏమేం ఉన్నాయో రాయించుకుని ఒక్కోటీ విడివిడిగా చూడండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబర్, ఇప్పిస్తాం అంటారు, అది మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, రచయితే సొంతంగా వేసుకునే పుస్తకానికి కూడా ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు, కాకపోతే ఇవాళ అడిగితే రేపు రాదు, ముందే పెట్టుకోవాలి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ అంటారు, మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయించడం మీ ఇష్టం, చేయించినా సర్కారు ఫీజు ఐదొందలు. ప్రపంచమంతా అమ్మకం అంటే ఒక వెబ్‌సైట్‌లో మీ పుస్తకానికో పేజీ, అంతే. ఇవన్నీ తీసేస్తే మిగిలేది లేఅవుట్, కవర్, ప్రింట్. ఆ మూడూ బెజవాడలోనే దొరుకుతాయి, పైగా కాగితం చేత్తో పట్టుకుని చూసి మరీ.

అయినా ప్యాకేజీకే మొగ్గితే సంతకం పెట్టేముందు మూడు అడగండి: ఐఎస్‌బీఎన్ ఎవరి పేరు మీద ఉంటుంది, ఓపెన్ ఫైల్ (మళ్ళీ దిద్దుకోగలిగే ఒరిజినల్) నాకు ఇస్తారా, తర్వాత నాకు కాపీలు కావాలంటే ఏ రేటు. మూడో దానికి సమాధానం రాగానే చాలామందికి కళ్ళు తెరుచుకుంటాయి. నోషన్ ప్రెస్, పోతీ లాంటి చోట్ల ఆర్డర్ వచ్చినప్పుడే ఒక్కో కాపీ వేసే పద్ధతి ఉంది, అది చెడ్డదేం కాదు, మీ మూడొందలూ అయిపోయాక కూడా పుస్తకం దొరుకుతూ ఉండటానికి బాగుంటుంది, కాకపోతే కాపీ ఖరీదెక్కువ కాబట్టి మొదటి దారిగా వద్దు.

సైక్లిస్టులు ఎందుకు కొనరు? కొందరు కొంటారు లెండి. కానీ మన బీఆర్‌ఎమ్ (గడువు పెట్టి తొక్కే దూరపు రైడ్లు) బ్యాచ్ సంగతి మీకూ తెలుసు, రెండొందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో కొట్టాలి, ఆరొందలు నలభై గంటల్లో కొట్టాలి అనే లెక్కలో ఉంటారు, మీరు కనపడగానే యావరేజ్ స్పీడ్ ఎంత, ఏ టైర్ వేశారు, జీపీఎక్స్ ఫైల్ (ఫోన్‌లో వేసుకునే రూట్) పంపండన్నా అంటారు. పంపండి, తప్పేం లేదు. పుస్తకం చివర నాలుగు పేజీలు వాళ్ళకోసం పెట్టండి: రోజువారీ దూరం, ఎక్కడ పడుకున్నారు, మంచినీళ్ళు దొరకని పట్టీలు, పంక్చర్ షాపుల్లేని చోట్లు. రూట్ ఫైల్‌కి ఒక క్యూఆర్ కోడ్ వెయ్యండి, కానీ అది మీ చేతిలో ఉండే లింక్ అవ్వాలి, రేపు యాప్ మారినా లింక్ చావకూడదు. ఇవన్నీ వెనక్కి తోసేస్తే అసలు పుస్తకం ఊపిరి పీల్చుకుంటుంది.

మీరు పెట్టిన పోస్టులు రెండు చదివా. 'ఈరోజు 94 కిలోమీటర్లు, ఎదురుగాలి, రెండు పంక్చర్లు' టైపు పేరాలు సగానికి సగం ఉన్నాయి, అవి తీసెయ్యండి, నిర్దాక్షిణ్యంగా. దాని బదులు సాంగ్లీ పసుపు యార్డు దగ్గర ఆగానని ఒక్క లైన్ రాసి వదిలేశారు, అక్కడ ఆగాల్సింది! ఎందుకంటే అదే నది నీళ్ళు కాలువ పట్టుకుని కిందికొస్తే మన దుగ్గిరాల పసుపు యార్డు. పైన ఒక పసుపు మార్కెట్, అడుగున ఒక పసుపు మార్కెట్, మధ్యలో వందల కిలోమీటర్ల నది, రెండూ కళ్ళారా చూసి సైకిల్ మీద వచ్చినవాళ్ళు మీరు. దుగ్గిరాల మనిషి ఎవరైనా ఆ చాప్టర్ కోసమే పుస్తకం కొంటాడు. కరాడ్ దగ్గర కోయన కలవడం, కూడలసంగమలో బసవన్న సమాధి, ఆలమట్టి కింద నది తీరు, ఉత్తర కర్ణాటక జొన్నరొట్టె, ఇవన్నీ మనవాళ్ళకి పేపర్లో నీళ్ళ పంచాయితీ వార్తలుగానే తెలుసు, మనిషి కంటితో చూసినట్టు తెలీదు. శ్రీశైలం దగ్గర రోడ్డు నదిని వదిలేసి నల్లమలలోకి వెళ్ళిపోతుంది కదా, రాత్రిళ్ళు అటవీ గేట్లు కూడా మూసేస్తారు, అక్కడ నది కనపడకుండా మీ యాత్ర ఎలా నడిచిందో రాయండి. ప్రకాశం బ్యారేజీ దాటాక కరకట్ట మీద అవనిగడ్డ దాకా వచ్చింది అరపేజీలో తేల్చేశారు, బహుశా ఇంటి దగ్గర కదా అని. మీకు మామూలు గానీ అవనిగడ్డ నుంచి అమెరికా వెళ్ళినవాడికి ఆ కరకట్టే పుస్తకం మొత్తం.

నా అనుభవం చెప్తా. నా పుస్తకంలో చీరాల దగ్గర ఒక మగ్గం గుంట పక్కన కూర్చుని మజ్జిగ తాగిన రెండు పేజీలున్నాయి. కన్యాకుమారి సూర్యోదయం గురించి చాలా కష్టపడి రాశా, దాని గురించి ఒక్కళ్ళూ మాట్లాడలేదు, ఈ రెండు పేజీలు ఫేస్‌బుక్‌లో పెడితే చీరాల, వేటపాలెం వాళ్ళు బెంగళూరు, హైదరాబాద్ నుంచి ఫోన్లు చేసి మా నాన్నకొకటి పంపండి, మా మావయ్యకొకటి పంపండి అని అడ్రస్‌లు ఇచ్చారు. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం లైబ్రరీ ఉంది, అక్కడికి ఒక కాపీ తీసుకెళ్ళి ఇచ్చా, దాన్నిబట్టి ఇంకో నలుగురు కొన్నారు.

డీటీపీ దగ్గర జాగ్రత్త. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేశారు, మన డీటీపీ సెంటర్లలో చాలామంది ఇప్పటికీ వాడేది పేజ్‌మేకర్, అను ఫాంట్స్ అనే పాత పద్ధతి. కన్వర్టర్‌లో వేసి మారుస్తారు, అక్కడ పొల్లు అక్షరాలు దెబ్బతింటాయి. 'బ్రేక్‌లు' అని మీరు రాస్తే క కింద ల వత్తు వచ్చి 'బ్రేక్లు' అయిపోతుంది. మామూలు నవలలో ఇలాంటివి తక్కువ, సైకిల్ పుస్తకంలో పేజీకి పది ఇలాంటి మాటలే. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే చేసేవాళ్ళు దొరికితే పేజీకి పది రూపాయలు ఎక్కువైనా వాళ్ళకే ఇవ్వండి, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యమనండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. రేపు ఈ-బుక్ చెయ్యాలన్నా ఆ ఫైలే పనికొస్తుంది, అనూలో చేసింది మళ్ళీ మొదటినుంచి.

ప్రూఫ్ మూడుసార్లు, మూడోది కాగితం మీద, మీరు కాకుండా వేరేవాళ్ళు. మన రాత మనం చదివితే తప్పు కనపడదు, ఉండాల్సిందే కనపడుతుంది. ఊళ్ళ పేర్లు మాత్రం మీరే చూడండి, నరసోబావాడీ, నారాయణపూర్ ఒక్కో చాప్టర్‌లో ఒక్కోలా ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఫొటోల సంగతి త్వరగా. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు ప్రింట్‌కి పనికిరావు, కెమెరా ఒరిజినల్స్ డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి, ప్రింట్ సైజులో మూడొందల డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) ఉండాలి. పుస్తకమంతా కలర్ పెట్టకండి, ధర చేతిలోంచి జారిపోతుంది. మధ్యలో ఎనిమిది పేజీలో పదహారు పేజీలో ఆర్ట్ పేపర్ మీద కలర్, మిగతాది బ్లాక్ అండ్ వైట్. మ్యాప్ కావాలి, తప్పకుండా కావాలి, కానీ ఫోన్ స్క్రీన్‌షాట్ అతికించొద్దు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ డేటా వాడి కింద వాళ్ళకి క్రెడిట్ వెయ్యొచ్చు, లేదా బొమ్మలు వేసేవాళ్ళతో చేత్తో గీయించుకోండి, నాకైతే చేత్తో గీసిందే ఇష్టం. నది, ఊళ్ళు, ఆనకట్టలు చాలు, దేశం సరిహద్దులు గీసే జోలికి పోవద్దు, అవి తప్పుగా పడితే చట్టపరంగా తలనొప్పి. అలాగే చాప్టర్ మొదట్లో సినిమా పాట లైన్లు పెట్టే సరదా ఉంటుంది మనందరికీ, మానుకోండి, రాసినాయన పోయిన తర్వాత కూడా అరవై ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది.

పేజీలు నూట అరవై దాటనివ్వకండి. ఇది సాహిత్యం లెక్క కాదు, పోస్టాఫీసు లెక్క. డెమ్మీ 1/8 సైజు (మామూలు నవల సైజు), 70 జీఎస్‌ఎమ్ మందం కాగితం, నూట అరవై పేజీలు అంటే పదహారేసి పేజీల ఫారాలు పది, కవర్‌తో కలిపి బరువు రమారమి 190 గ్రాములు. మధ్యలో పదహారు ఆర్ట్ పేజీలు, పైన ప్యాకింగ్ వేసుకున్నా 300 గ్రాముల లోపే. రెండొందల నలభై పేజీలైతే ప్యాకింగ్‌తో 300 దాటేస్తుంది. ఇదెందుకంటే, 2024 డిసెంబర్లో పుస్తకాల రిజిస్టర్డ్ పోస్టు తీసేశారు, చిన్న ప్రచురణకర్తలందరూ గోల పెట్టారు, తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. అందులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం, ట్రాకింగ్ కూడా ఉంది. కొరియర్‌తో పోలిస్తే ఎక్కడికో తేడా. రెండు షరతులు గుర్తుపెట్టుకోండి: పుస్తకం మీద ప్రింటర్ పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మీ సైకిల్ షాపాయన వెనక అట్ట మీద యాడ్ వేసుకుంటా, ఐదు వేలు ఇస్తా అంటాడు చూడండి, ఒప్పుకుంటే కౌంటర్‌లో ఇబ్బంది. కృతజ్ఞతల్లో పేరు రాసి కాఫీ తాగించండి, చాలు.

బైండింగ్ గురించి ఒక్క మాట. శాంపిల్ కాపీ తెప్పించుకుని మధ్యలో తెరిచి బల్ల మీద గట్టిగా నొక్కండి, గమ్ము పగిలితే ఒప్పుకోవద్దు. మన బెజవాడ మే నెల ఎండలో, అదీ కార్ డిక్కీలో పెట్టి తిప్పే పుస్తకాలు, నాసి గమ్మైతే పేజీలు ఊడొస్తాయి.

ధర ఎలా పెట్టాలంటే, కాపీకి మీకు 110 పడిందనుకోండి, 250 పెట్టారనుకోండి. పుస్తకాల షాపులో ఇస్తే నలభై శాతం వాళ్ళకి, మీకు 150, అందులో ఖర్చు పోను 40, అదీ అమ్ముడుపోయాక, మీరు నాలుగుసార్లు గుర్తుచేశాక. అదే పుస్తకం మీరు నేరుగా పంపితే పోస్టేజ్, కవరు పోను 110 దాకా మిగులుతుంది. అందుకే షాపుల్ని ముఖ్యమైన దారి అనుకోవద్దు, బెజవాడ ఏలూరు రోడ్డులో రెండు మూడు షాపుల్లో అయిదేసి కాపీలు ఉంచండి, రసీదు తీసుకోండి, అంతే. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు, ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు ప్రీ-బుకింగ్. ఫేస్‌బుక్‌లో లైక్ కొట్టిన ఎనిమిదొందల మందీ కొనరు, కానీ వాళ్ళలో కామెంట్‌లో తమ ఊరి పేరు రాసినవాళ్ళు ఉంటారు చూడండి, 'మాది కొల్లూరండీ, మా ఊరు రాశారు', వాళ్ళ లిస్ట్ రాసుకోండి. ఒక్కొక్కళ్ళకీ విడిగా మెసేజ్ పెట్టండి, గ్రూప్ ఫార్వర్డ్ కాదు. కవర్ ఫొటో, ధర, యూపీఐ నంబర్, ఏ తారీకుకి పంపిస్తారు, ఇంతే. తర్వాత వారానికొకటి, ఒక్కో ఊరు గురించి నిమిషం, నిమిషంన్నర వీడియో, మీ గొంతుతో మీరే చదవండి, వెనకాల మ్యూజిక్ వద్దు. అమరావతి పేరా పెట్టిన రోజు అమరావతి వాళ్ళ గ్రూపుల్లో, ఆలంపూర్ పేరా ఆ వైపు వాళ్ళ గ్రూపుల్లో. నూట యాభై రాకపోతే మూడొందలు వెయ్యకండి, వంద వస్తే రెండొందలు వెయ్యండి. డిజిటల్‌లో ఆ వెసులుబాటు ఉంది.

ఆవిష్కరణ సభ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. హాలు, ఫ్లెక్సీ, ఆరుగురు వక్తలు, శాలువాలు, పుస్తకం చదవకుండా వచ్చిన ముఖ్య అతిథి, రాత్రి తొమ్మిదిన్నరకి టిఫిన్. ఒక మిత్రుడి సభలో శాలువాల ఖర్చు ఆరోజు అమ్మిన పుస్తకాల డబ్బు కంటే ఎక్కువైంది. మీరు ఆ డబ్బుతో ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి ఉండవల్లి మీదుగా బ్యారేజీ దాకా రైడ్ పెట్టండి, పదిమంది చాలు, అక్కడ ఒడ్డున పావుగంట మాట్లాడి పుస్తకం ఇవ్వండి. తర్వాత అవనిగడ్డలో ఒకటి, అమరావతిలో ఒకటి, ఆ ఊరి లైబ్రరీలోనో హైస్కూల్లోనో, సాయంత్రం గంట. సైకిల్ తీసుకెళ్ళండి, పక్కన తగిలించే ప్యానియర్ బ్యాగులతో సహా. పిల్లలు పుస్తకం దగ్గరికి రారు, సైకిల్ దగ్గరికొస్తారు, వాళ్ళ వెనకాల మాస్టార్లు వస్తారు.

పేపర్లకి సమీక్ష కోసం రెండేసి కాపీలు పంపాలి, మూడు నాలుగు పేపర్లకి పంపండి, వస్తే వస్తుంది. ఫ్రీ కాపీల లెక్క ముందే పాతికకి కట్టెయ్యండి, సమీక్షలవి కూడా అందులోనే. మన దగ్గర 'మాకేదీ?' అనేవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి నవ్వుతూ యూపీఐ క్యూఆర్ కోడ్ చూపించండి, మొదట ఇబ్బందిగా ఉంటుంది, అలవాటవుతుంది.

టైమింగ్ మాత్రం చాలా ముఖ్యం. బెజవాడ పుస్తక మహోత్సవం ఏటా జనవరి మొదట్లో. దానికి అందాలంటే ఫైనల్ ఫైల్ అక్టోబర్ లోపు ప్రెస్‌లో ఉండాలి, ఎందుకంటే నవంబర్, డిసెంబర్ వచ్చేసరికి ఇక్కడి ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీల మీద పడతాయి, మీ మూడొందల కాపీల పని మూలకెళ్తుంది. అక్కడ సొంతంగా స్టాల్ తీసుకోవద్దు, ఒక్క పుస్తకానికి అద్దె రాదు, ఎవరైనా ప్రచురణకర్త స్టాల్‌లో కమీషన్ మీద పెట్టించుకుని సాయంత్రాలు మీరు పక్కన నిలబడండి. మీరు నిలబడిన రోజు, నిలబడని రోజు అమ్మకం చూసుకుంటే మీకే తెలుస్తుంది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబర్లోనే ఉంటుంది సాధారణంగా, కుదిరితే అక్కడా అలాగే.

చివరిగా ఎవరూ చెప్పని పని ఒకటి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు ప్రచురణకర్త, అంటే మీరే, మన ఖర్చుతో కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీలోని మూడు లైబ్రరీలకి ఒక్కోటి పంపాలి. సొంతంగా వేసుకునేవాళ్ళు చాలామంది దీన్ని వదిలేస్తారు. నాలుగు కాపీలు, నాలుగు జ్ఞాన్ పోస్టులు, వంద రూపాయల లోపు పని, ఆ పాతిక ఫ్రీ కాపీల్లోంచి ఈ నాలుగూ మొదటే తీసి పక్కన పెట్టండి. డీటీపీ ఎవరిదగ్గర చేయిస్తున్నారో ఖాయమయ్యాక ఒక చాప్టర్ పీడీఎఫ్ ఇక్కడ పెట్టండి, వత్తులు ఎలా వచ్చాయో చూసి చెప్తా, శ్రీశైలం చాప్టర్ అయితే ఇంకా మంచిది.